కొరియా దేశభక్తుడు షిన్ ఛేహో

పరాధీనమైన దేశములో పుట్టిన రచయితకు కథలు, కవితలు వ్రాయుచు కూర్చుండుటకు హక్కు కలదా? ప్రజలు దాస్యమున మ్రగ్గుచుండగా సాహిత్యము వారికి మందగునా, మత్తగునా? ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున ఆసియా ఖండములో అనేకులు ఈ ప్రశ్న వేసికొనిరి. కాని దానిని మిక్కిలి కఠినముగా అడిగి, తన జీవితమునే సమాధానముగా చూపిన మహనీయుడు కొరియా దేశస్థుడగు షిన్ ఛేహో. ఆయన పత్రికా రచయిత, చరిత్రకారుడు, విప్లవకారుడు. తన దేశపు నూతన సాహిత్యమునే గాక, తనకు ఆశ్రయమిచ్చిన చైనా దేశపు నూతన సాహిత్యమును గూడ ఆయన బోనులో నిలిపి ప్రశ్నించెను. ఆయన తీర్పు న్యాయమైనదా కాదా అనునది పాఠకులు నిర్ణయించుకొనవలసిన విషయము. అందులకు ముందు ఆయన చరిత్రమును తెలిసికొనుట అవసరము.

షిన్ ఛేహో 1880వ సంవత్సరము డిసెంబరు మాసమున, కొరియా మధ్యభాగమున, నేటి దేజాన్ నగరపు పరిసరములందలి ఒక పల్లెలో జన్మించెను. ఆయనది విద్యావంతులగు పెద్దల వంశమే గాని ఇంట కలిమి లేదు. పసితనముననే తండ్రి గతించెను. పల్లెలో పాఠశాల నడుపుచుండిన తాతగారే మనుమని పెంచి చదువు చెప్పిరి. ఆ కాలపు కొరియాలో చదువనగా ప్రాచీన చైనా గ్రంథములను పఠించుటయే. బాలుడు వానిని అసాధారణమైన వేగముతో అభ్యసించెను. తాతగారి పుస్తకములు ముగిసిన పిదప చదువుకొనుటకు ఏమియు మిగులలేదు. అప్పుడు షిన్ కీసన్ అను ఉన్నతోద్యోగి తన ఇంటనున్న గొప్ప గ్రంథ భాండారమును ఈ యువకునకు తెరచి ఉంచెను. అచ్చట పాత గ్రంథములతోపాటు పాశ్చాత్య విజ్ఞానమును తెలుపు క్రొత్త గ్రంథములును ఉండెను. ఒక పల్లెటూరి పేద బాలునికి లోకమును చూపినది ఆ పుస్తకముల గదియే. ఆ పెద్దమనిషి సిఫారసుతోనే ఆయన 1898లో రాజధానియగు సియోల్ నగరమునందలి ప్రాచీన విద్యాపీఠము సొంగ్‌గ్యున్‌గ్వాన్‌లో ప్రవేశించి, 1905లో అచ్చటి పండిత పదవిని పొందెను.

అదే సంవత్సరము నవంబరులో జపాను ప్రభుత్వము కొరియాపై రక్షిత రాజ్య సంధిని బలవంతముగా రుద్దెను. దేశపు విదేశ వ్యవహారములన్నియు జపాను హస్తగతమయ్యెను. పండితుడై ఉద్యోగము చేసికొని సుఖముగా బ్రతుకుటకు అది కాలము కాదని షిన్ ఛేహో గ్రహించెను. ఆ సంవత్సరముననే ఆయన పత్రికా రంగమున అడుగిడెను. మొదట ఆయన పనిచేసిన హ్వాంగ్‌సంగ్ పత్రిక ఆ సంధిని నిరసించినందుకు తాత్కాలికముగా మూతపడెను. తరువాత దేహాన్ మేయిల్ అను దినపత్రికకు సంపాదకీయములు వ్రాసెను. ఆ పత్రిక యజమాని బెతెల్ అను ఆంగ్లేయుడగుటచే, జపాను అధికారులు దానిని సులభముగా నొక్కివేయజాలకపోయిరి. ఇరువదియైదేండ్ల యువకుని కలమునకు అచ్చట కొంత స్వేచ్ఛ లభించెను.

ఈ కాలమున ఆయన వ్రాసినవానిలో ముఖ్యమైనవి వీర పురుషుల చరిత్రలు. ఏడవ శతాబ్దమున చైనా చక్రవర్తి పంపిన మహాసైన్యమును ఓడించిన ఉల్చీ ముందొక్ సేనాని చరిత్రమును, పదునారవ శతాబ్దమున జపాను నౌకాబలమును భగ్నము చేసిన యీ సున్‌సిన్ నౌకాధిపతి చరిత్రమును 1908లో ప్రకటించెను. అంతకు ముందు 1907లో, ఇటలీ దేశమును ఏకము చేసిన మాజినీ, గారిబాల్డీ, కావూరుల చరిత్రను చైనా రచయిత లియాంగ్ చీచావ్ గ్రంథమునుండి అనువదించెను. 1908లోనే కొరియా చరిత్రను క్రొత్త దృష్టితో చూడవలెనని చెప్పు వ్యాసపరంపరను ప్రారంభించెను. రాజుల వంశావళి చరిత్ర కాదనియు, జాతియొక్క ఎదుగుదల, పతనములే చరిత్రయనియు అందులో వాదించెను. ఇల్లాండ్రు చదువుకొనుటకై కొరియా లిపిలోనే వెలువడిన ఒక గృహపత్రికకు గూడ సంపాదకత్వము వహించెను.

ఇచ్చట ఒక్క విషయమును గమనింపవలెను. ఆ దినములలో ఆయన నవలను తృణీకరింపలేదు. 1909లో వ్రాసిన ఒక వ్యాసమున, ప్రజలు పోవు దారిని చూపునది నవలయేయనియు, అది ధీరమైనదైన ప్రజలు ధీరులగుదురనియు, నీచమైనదైన ప్రజలు నీచులగుదురనియు తెలిపెను. పండితుల గ్రంథములు చదువనివారు గూడ కథలను విందురు. కనుక కథకు పండిత గ్రంథము కంటె బలము హెచ్చు. తరువాతి కాలమున ఆయన సాహిత్యముపై చూపిన ఆగ్రహమునకు మూలము ఇదియే. సాహిత్యము అల్పమైనదని ఆయన దానిని దూషింపలేదు. అది బలమైనదని నమ్మినందుననే దారి తప్పినదని తోచినప్పుడు సహింపలేకపోయెను.

1910 ఏప్రిలులో షిన్ ఛేహో దేశమును విడిచెను. ఒక పాత చరిత్ర గ్రంథపు వ్రాతప్రతిని వెంట తీసికొని పోయెనని చెప్పుదురు. ఆ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన జపాను కొరియాను పూర్తిగా తనలో కలుపుకొనెను.  చైనాలోని చింగ్‌దావ్, రష్యాలోని వ్లాడివొస్టాక్, షాంగై, పెకింగు నగరములలో సుమారు పదునెనిమిది సంవత్సరములు ఆయన ప్రవాస జీవితము సాగెను. 1914లో మంచూరియా పర్యటించి, ప్రాచీన కోగుర్యో రాజ్యపు శిథిలములను, సమాధులను, క్వాంగెథో రాజు శిలాశాసనమును కన్నులార చూచెను. ఇంట కూర్చుండి చరిత్ర గ్రంథములను పదివేలమారులు చదువుటకంటె ఆ శిథిలములను ఒక్కమారు చూచుట మేలని ఆయనకు తోచెను. కాని వానిని కొలిచి, త్రవ్వి పరిశోధించుటకు చేతిలో డబ్బు లేదు. ఆ కొరత ఆయనను జీవితాంతము బాధించెను.

పెకింగులో ఆయన పేదరికము దారుణముగా ఉండెను. చైనా పత్రికలకు ప్రాచీన చైనా భాషలో వ్యాసములు వ్రాసి పొట్ట పోసికొనెడివాడు. ఒక పత్రికవారు తన వ్యాసమున ఒక్క అక్షరమును తొలగించి అచ్చువేసిరని ఆగ్రహించి, ఆ జీవనాధారమును గూడ వదలుకొనెనని మిత్రులు చెప్పుకొనెడివారు. ముఖము కడుగుకొనునప్పుడు తల వంచడనియు, నీరు మెడమీదుగా కారి చొక్కా తడిసినను లెక్కచేయడనియు మరియొక కథ కలదు. తల వంచుట ఎవరికోసమైనను తనకు అలవాటు కారాదని ఆయన పట్టుదల. ఆంగ్ల భాషను నేర్చుకొని గిబ్బను రచించిన రోము చరిత్రను చదివెను గాని, ఉచ్చారణను మాత్రము లక్ష్యపెట్టలేదు. భావము తెలిసిన చాలునని అక్షరములను ఉన్నవి ఉన్నట్లు పలికెడివాడట.

1919 మార్చి 1వ తేదీన కొరియా ప్రజలు స్వాతంత్ర్యమును ప్రకటించి వీధులలోనికి వచ్చిరి. జపాను సైన్యము ఆ శాంతియుత ఉద్యమమును రక్తపాతముతో అణచివేసెను. ఏప్రిలులో షాంగై నగరమున ప్రవాస తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడెను. షిన్ ఛేహో అందు పాల్గొనెను గాని, దాని నాయకత్వమునకు సింగ్‌మన్ రీ ఎన్నికగుటను తీవ్రముగా వ్యతిరేకించెను. కొరియాను అంతర్జాతీయ పరిపాలనకు అప్పగింపుమని రీ అమెరికా అధ్యక్షునకు అర్జీ పెట్టుకొనుటయే ఇందుకు కారణము. ఇంకను చేతికి రాని దేశమును మరియొకరికి అప్పగించుట ఆయన దృష్టిలో ద్రోహము. ఆయన ఆ ప్రభుత్వమునుండి తొలగి ప్రతిపక్ష పత్రికను నడిపెను.

1920లో పెకింగున పాక్ చాహే అను యువతిని వివాహమాడెను. ఆమె మార్చి ఉద్యమమున పాల్గొనిన నర్సు. మరుసటి సంవత్సరము కుమారుడు జన్మించెను. తిండి గడచు దారి లేక 1922లో భార్యను, బిడ్డను స్వదేశమునకు పంపివేసెను. ఆమె సియోలులో మంత్రసానిగా పనిచేయుచు, పోలీసుల వేధింపులను సహించుచు బిడ్డలను పోషించెను. భర్త చేసిన త్యాగమును గూర్చి వ్రాయువారు ఆమె త్యాగమును మరువరాదు.

1923 జనవరిలో, యుయోల్‌దాన్ అను విప్లవ సంఘపు నాయకుడు కిమ్ వన్‌బాంగ్ కోరగా, షిన్ ఛేహో కొరియా విప్లవ ప్రకటనమును రచించెను. పెద్ద దేశములకు అర్జీలు పెట్టువారిని, ముందు చదువులు, పరిశ్రమలు వృద్ధి చేసికొని పిమ్మట స్వాతంత్ర్యమడుగుదమనువారిని, జపాను పాలనక్రింద స్వపరిపాలన యాచించువారిని ఆయన అందులో ఖండించెను. జపాను అనుమతితో నడుచు సాంస్కృతికోద్యమమును గూడ ఆయన విడువలేదు. ప్రజలు తమకు తామే ప్రత్యక్షముగా చేయు విప్లవమే శరణ్యమని ఆ ప్రకటనపు సారాంశము.

ఈ దశలోనే ఆయన అరాజకవాదమునకు చేరువయ్యెను. ఈ మాటను మనము వాడుకలోని అరాజకము, అనగా దొంగల రాజ్యము, అను అర్థమున గ్రహింపరాదు. మనుష్యునిపై మనుష్యుడు అధికారము చేయుటయే సకల దుఃఖములకు మూలమనియు, రాజ్యము లేకయే ప్రజలు పరస్పర సహాయముతో జీవింపగలరనియు చెప్పు సిద్ధాంతమది. రష్యా దేశపు క్రొపాట్కిన్, జపానుకు చెందిన కోతోకు షూసుయి రచనలు ఆయనను ఆకర్షించెను. సామ్రాజ్యపు కాలిక్రింద నలిగిన జాతికి చెందినవానికి రాజ్యమనునది రక్కసిగా కనబడుట సహజమే గదా.

ఇక చైనా దేశపు నూతన సాహిత్యము మాట. 1917 జనవరిలో హూ షి అను యువ పండితుడు నవ యువజన పత్రికలో, మృతభాషవంటి ప్రాచీన భాషను వదలి ప్రజలు మాటలాడు భాషలో వ్రాయవలెనని ప్రతిపాదించెను. చెన్ దూషియు మరుసటి నెలలోనే ఆయనకు బాసటగా నిలిచెను. 1918 మే మాసమున లూ షున్ వ్రాసిన పిచ్చివాని దినచర్య అను కథ వెలువడెను. పాత ధర్మముల పేరిట మనుష్యులు మనుష్యులనే భక్షించుచున్నారని ఆ కథ సూచించెను. 1919 మే 4వ తేదీన పెకింగు విద్యార్థులు, చైనా భూమిని జపానుకు కట్టబెట్టిన పారిస్ సంధి నిర్ణయముపై తిరుగబడిరి. 1921లో సాహిత్య పరిశోధక సంఘము, సృజన సంఘము స్థాపితమయ్యెను. అదే సంవత్సరము గువో మోరువో కవితా సంపుటము, యూ దాఫు కథల సంపుటము వెలువడి యువకులను ఉర్రూతలూగించెను. ప్రేమ, విరహము, ఏకాకితనము, ఆత్మవేదన యువ రచయితల వస్తువులయ్యెను. షిన్ ఛేహో ఈ వికాసమునంతయు పెకింగులోనే ఉండి, అతి సమీపమునుండి చూచెను.

1925 జనవరి 2వ తేదీన సియోలులోని దోంగా దినపత్రికలో ఆయన నూతన సంవత్సర వ్యాసము ప్రకటితమయ్యెను. అందులో ఆయన ఒక చైనా పత్రికలో తాను చదివిన అభియోగమును ప్రస్తావించెను. చైనాలో ఇటీవల జరిగిన విప్లవములకు, దేశభక్తి ఉద్యమములకు విద్యార్థులే ఆయువుపట్టుగా ఉండిరి. అట్టి విద్యార్థి లోకము ఇప్పుడేల నిశ్శబ్దమైనది? నూతన సాహిత్యమను మత్తుమందు సేవించి, వారు విప్లవ ఖడ్గమును పారవైచి కలమును పట్టిరి; రక్తము ధారపోయు సంకల్పమును విడిచి క్రొత్త కవితల, క్రొత్త కథల కూర్పులో మునిగిపోయిరి. ఇదియే ఆ అభియోగము. షిన్ ఛేహో దానిని తన దేశమునకు అన్వయించెను. మార్చి ఉద్యమమున ప్రాణములొడ్డిన కొరియా యువకులును ఇప్పుడట్లే సద్దుమణగియున్నారనియు, అందులకు నూతన సాహిత్యమును ఒక కారణమే యనియు ఆయన భావించెను.

కాని కలములన్నిటిని విరిచివేయుమని ఆయన చెప్పలేదు. కళకొరకే కళ అనువారు కనీసము కళ్లయెదుటనున్న కొరియాను చిత్రింపవలెననియు, మానవత్వము పేర వ్రాయువారు కొరియాను కాపాడు మానవత్వమును చూపవలెననియు కోరెను. ప్రజలతో సంబంధము లేక, ఉద్యమములను చల్లార్చు సాహిత్యమునే ఆయన త్రోసిపుచ్చెను. ఆ వ్యాసముననే మరియొక హెచ్చరిక కలదు. పరదేశమునుండి బుద్ధుడు వచ్చినను, కన్‌ఫ్యూషియస్ వచ్చినను, ఏ సిద్ధాంతము వచ్చినను, వారు కొరియావారగుటకు మారు కొరియాయే వారి సొత్తగుచున్నదని ఆయన వాపోయెను. అరువు తెచ్చుకొనిన ఆలోచనకు దాసులు కావలదని దాని భావము. యువకులను మాత్రము క్రొపాట్కిన్ యువజనులకు వ్రాసిన విజ్ఞప్తిని చదువుడని ప్రోత్సహించెను.

ఈ విమర్శలో ఎంత సత్యమున్నది? చరిత్ర ఆయనకు పూర్తిగా అనుకూలముగా నడువలేదు. ఆ వ్యాసము వెలువడిన అయిదు నెలలకే, 1925 మే 30వ తేదీన షాంగైలో పోలీసులు కాల్పులు జరుపగా చైనా విద్యార్థులు, కార్మికులు దేశమంతట లేచిరి. 1926 మార్చి 18వ తేదీన పెకింగులో ప్రభుత్వ సైనికుల తుపాకులకు విద్యార్థినులు గూడ బలియైరి. ఆ బాలికల మరణమును లోకము మరువకుండ చేసినది వారి గురువగు లూ షున్ కలమే. ఆత్మవేదన కవిగా పేరొందిన గువో మోరువో 1926లో విప్లవ సైన్యముతో బయలుదేరెను. మత్తుమందు తిన్నవారని నిందింపబడిన తరము ఖడ్గమును పూర్తిగా మరువలేదని దీనివలన తెలియుచున్నది.

లూ షున్ స్వయముగా జపానులో వైద్యవిద్య అభ్యసించుచు, ప్రజల దేహములకంటె మనస్సులకు చికిత్స ముఖ్యమని తలచి 1906లో దానిని విడిచి సాహిత్యమును చేపట్టినవాడు. ఒకనికి సాహిత్యము ఔషధము, మరియొకనికి మత్తు. వింతయేమనగా, లూ షున్ రచించిన పిచ్చివాని దినచర్యను 1927లో కొరియా భాషలోనికి తొలుత అనువదించినవాడును ఒక కొరియా అరాజకవాదియే. ఆయన పేరు యూ కీసక్. ఒకే సిద్ధాంతమును, ఒకే లక్ష్యమును నమ్మినవారిలోనే ఈ ప్రశ్నకు రెండు సమాధానములుండెను.

అయినను షిన్ ఛేహో విమర్శ వ్యర్థము కాదు. చైనా రచయితలు సైతము 1928 నాటికి, విప్లవ సాహిత్యమనగానేమి, అది ఎవరికొరకు అను వివాదమున మునిగిరి. ప్రజలకు దూరమైన రచనకు విలువ ఏమి అను ప్రశ్నను ఏ దేశపు రచయితయు దాటిపోలేకపోయెను. పైగా ఆయన తానును కథలు వ్రాయుట మానలేదు. 1916లో స్వప్నరూపమైన ఒక దేశభక్తి కథను, 1928లో స్వర్గాధిపతిపై ప్రజలు తిరుగబడుటను వర్ణించు రెండు మహాసర్పముల యుద్ధ కథను రచించెను. అవి ఆయన జీవితకాలమున అచ్చుకాలేదు. కథ ఎట్లుండవలెనని ఆయన కోరెనో వానివలన తెలియగలదు.

1928 మే మాసమున ఆయన చైనా మారుపేరుతో ఓడలో ప్రయాణించుచు తైవాను దీవిలోని కీలుంగ్ రేవున పట్టుబడెను. అరాజకవాదుల ప్రచారమునకు ధనము సమకూర్చుటకై విదేశ మనియార్డర్లను దొంగగా తయారుచేసిరని ఆయనపై నేరము మోపబడెను. తైవాను దేశీయుడగు ఒక సహచరుడు విచారణ ముగియకముందే చెరలో మరణించెను. న్యాయస్థానమున షిన్ ఛేహో నేరమును కాదనలేదు, క్షమాపణయు కోరలేదు. దేశ విముక్తికొరకు చేసిన పనికి సిగ్గుపడనక్కరలేదని వాదించెను. దొంగ పత్రములతో ధనము తెచ్చుట ధర్మమేయని అందరును అంగీకరింపకపోవచ్చును. కాని ఆ ధనములో ఒక్క కాసైనను ఆయన తనకొరకు ఆశింపలేదు. 1930లో ఆయనకు పది సంవత్సరముల శిక్ష విధించి ల్యూషున్ కారాగారమునకు పంపిరి. అంతకు ఇరువది సంవత్సరములకు ముందు కొరియా వీరుడు ఆన్ చుంగ్‌గున్ ఉరితీయబడినది గూడ ఆ చెరసాలలోనే.

ఆయన చెరలోనుండగా, 1931లో ఆయన రచించిన కొరియా ప్రాచీన చరిత్ర చొసన్ దినపత్రికలో ధారావాహికముగా వెలువడెను. చరిత్రయనగా తనకును తనవి కానివారికిని నడుమ జరుగు పోరాటమని అందులో ఆయన నిర్వచించెను. ఆరోగ్యము క్షీణింపగా, పూచీదారుడు దొరికినచో విడుదల చేయుదుమని అధికారులు సూచించిరి. పూచీపడుటకు ముందుకు వచ్చినవాడు జపాను పక్షపాతియని ఎరిగి ఆయన నిరాకరించెనని చెప్పుదురు. 1936 ఫిబ్రవరి 21వ తేదీన మెదడులో రక్తనాళము చిట్లుటచే, ఏబదియైదు సంవత్సరముల వయస్సున ఆయన ఆ చెరసాలలో కన్నుమూసెను. భార్యయు, కుమారుడును వచ్చి చేరునప్పటికే ఆయనకు స్పృహ లేదు. చితాభస్మమును బాల్యమున పెరిగిన పల్లెకు తెచ్చి పూడ్చిరి. ఆ సంవత్సరముననే అక్టోబరు 19వ తేదీన షాంగైలో లూ షున్ మరణించెను. కలమును గూర్చి భిన్నముగా తలచిన ఆ ఇద్దరిని ఒకే సంవత్సరము గొనిపోయెను.

జపాను ప్రభుత్వపు కుటుంబ పట్టికలో పేరు నమోదు చేయించుకొనుటకు ఆయన అంగీకరింపలేదు. ఆ కారణమున స్వాతంత్ర్యము వచ్చిన పిదప గూడ చట్టము దృష్టిలో ఆయన ఏ దేశపు పౌరుడును కాకపోయెను. 1962లో దక్షిణ కొరియా ప్రభుత్వము ఆయనకు జాతీయ పతకమిచ్చి గౌరవించెను గాని, పట్టికలో పేరు చేర్చుటకు 2009 వరకు పట్టెను. దేశముకొరకు సర్వస్వము నర్పించినవాడు, మరణించిన డెబ్బదిమూడు సంవత్సరములకు గాని కాగితముమీద ఆ దేశస్థుడు కాలేదు.

షిన్ ఛేహో తీర్పులలో కొన్ని కఠినమైనవి, కొన్ని ఏకపక్షమైనవి. చైనా నూతన సాహిత్యముపై ఆయన చేసిన ఆరోపణ సగమే నిజమని కాలము నిరూపించెను. కాని ఆ ప్రశ్నను అడుగు అర్హతను ఆయన సంపాదించుకొనినట్లు సంపాదించినవారు అరుదు. ఆయన జీవితమునకు పునాది వేసినది ఒక పెద్దమనిషి తెరచి ఉంచిన పుస్తకముల గది. అచ్చట చదివినది ఆయనను నిద్రపుచ్చలేదు, మేలుకొలిపెను. గ్రంథాలయమున అడుగిడిన ప్రతివారును, తాము చేతబట్టిన పుస్తకము తమను మేలుకొలుపుచున్నదా, నిద్రపుచ్చుచున్నదా అని తమ్ము తామే ప్రశ్నించుకొనుట ఆ మహనీయుని స్మృతికి మనము చేయగల తగిన గౌరవము.